అక్షరాలు చదివించి పంపితే చాలదు: శిబిరాల కంటికి ఆనని నీటికాసులు

మహబూబ్‌నగర్: పల్లె బడి వరండాలో ఒక కుర్చీ. ఎదురుగా ఆరు మీటర్ల దూరాన గోడకు తగిలించిన పటం. కూర్చున్న మనిషి ఒక కన్ను అరచేత్తో మూసుకొని, పటం మీది గుర్తులు ఎటు తిరిగి ఉన్నాయో వేలితో చూపించాలి. చివరి వరుస దాకా చూపించగలిగితే ‘చూపు బాగుంది’ అని కార్డు మీద రాస్తారు. దగ్గరి చూపు మందగించిందంటే కళ్ళజోడు ఇస్తారు. కంటిలో పొర కనిపిస్తే శుక్లమని చెప్పి పట్టణానికి పంపుతారు. పాలమూరు పల్లెల్లో నలభై దాటినవారిలో చాలామందికి ఈ వరండా పరిచయమే.

ఈ ఏర్పాటు వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రారంభమైన కంటి వెలుగు కార్యక్రమం మొదటి విడతలోనూ, 2023 జనవరి 18న ఖమ్మంలో ప్రారంభమైన రెండో విడతలోనూ ఒక్కొక్కసారి కోటిన్నర మందికి పైగా కళ్ళు పరీక్షించారు. కళ్ళజోడు లేక సూదిలో దారం ఎక్కించలేని దర్జీలకు, బియ్యంలో రాళ్ళు ఏరలేని ఇల్లాళ్ళకు అద్దాలు ఇంటి ముంగిటికే వచ్చాయి. అయితే ‘చూపు బాగుంది’ అన్న కార్డుతో ఇంటికి వెళ్ళిన వారందరి చూపూ నిజంగా భద్రమేనా అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నకు కారణం నీటికాసులు. వైద్యులు గ్లకోమా అని పిలిచే ఈ వ్యాధి వచ్చిన మనిషి చాలాకాలం పాటు పటం మీది చివరి వరుసను కూడా తడుముకోకుండా చూపించగలడు. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. దూరాన వచ్చే బస్సు బోర్డు చదవగలడు. కాని లోపల చూపు నరం కొద్దికొద్దిగా చచ్చిపోతూ ఉంటుంది. తనకు చూపు తగ్గిందని అతను గ్రహించేనాటికి పోయింది పోగా మిగిలింది కొద్దిపాటి చూపే. పోయిన చూపును తిరిగి తెచ్చే మందు గాని, ఆపరేషన్ గాని ఇంతవరకు లేదు. మిగిలిన దానిని కాపాడుకోవడం ఒక్కటే మార్గం. అందువల్ల ఈ వ్యాధి విషయంలో ముందుగా గుర్తించడమే సగం వైద్యం.

ఏటా మార్చి నెలలో ప్రపంచ నీటికాసుల వారోత్సవం వస్తుంది. ఊరేగింపులు, ఉపన్యాసాలు జరుగుతాయి. వారం గడిచాక మిగతా యాభై ఒక్క వారాలలో పల్లె రోగిని ఎవరు గుర్తిస్తారు, గుర్తించాక చుక్కల మందు ఎవరు అందిస్తారు అన్న విషయం తేలకుండానే ఉండిపోతున్నది.

తూము పూడిన చెరువు

కంటి ముందు భాగంలో నీటిలాంటి ద్రవం నిరంతరం ఊరుతూ ఉంటుంది. ఇది కన్నీరు కాదు. కంటి లోపలి భాగాలకు పోషణ అందించి, నల్లగుడ్డు అంచున ఉండే జల్లెడవంటి దారి గుండా రక్తంలో కలిసిపోతుంది. ఊరే నీరు, పోయే నీరు సమంగా ఉన్నంతకాలం కంటి ఒత్తిడి అదుపులో ఉంటుంది. పాదరసపు కొలతలో ఇది మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

తూము పూడిన చెరువులో ఏమి జరుగుతుందో పాలమూరు రైతుకు చెప్పనక్కరలేదు. అయితే చెరువుకు అలుగు ఉంటుంది. కంటికి అలుగు లేదు. నిలిచిన నీటి ఒత్తిడి గట్టు ఎక్కడ పలచన అయితే అక్కడ పనిచేస్తుంది. కంటికి అటువంటి పలచని చోటు వెనుకవైపున, చూపు నరం బయటికి వెళ్ళే ద్వారం. ఆ నరం సుమారు పది పన్నెండు లక్షల సన్నని పోగుల కట్ట. ఒత్తిడికి ఒక్కొక్క పోగే చచ్చిపోతూ ఉంటుంది. చచ్చిన పోగు మళ్ళీ మొలవదు. కొందరికి నరం పుట్టుకతోనే బలహీనమైనది కావడం వల్ల ఒత్తిడి మామూలు కొలతలో ఉన్నా దెబ్బతింటుంది. కాబట్టి ఒత్తిడి ఒక్కటీ కొలిచి, బాగుందని పంపించడం కూడా సరిపోదు.

ముందుగా చచ్చేవి పక్క చూపును మోసే పోగులు. నడిమి చూపు చిట్టచివరి దాకా నిలుస్తుంది. ఒక కంటికి కనిపించని చోటును రెండో కన్ను పూరిస్తుంది. రెండూ చూడలేని ఖాళీని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో కప్పిపుచ్చుతుంది. ఈ కారణం చేత రోగికి నల్లమచ్చలు, చీకటి తెరలు కనిపించవు. ఉన్నవి లేనట్లు అనిపిస్తాయి, అంతే. పక్కసందులోంచి వచ్చిన మోటారు సైకిలు ‘ఉన్నట్టుండి ఊడిపడినట్లు’ తోస్తుంది. గుమ్మం అంచు భుజానికి తగులుతుంది. మెట్టు ఉన్న సంగతి పాదానికి తెలిశాక గాని కంటికి తెలియదు. కంచంలో ఒక మూల వడ్డించిన కూర అలాగే మిగిలిపోతుంది. ఇంట్లోవారు దీనిని పరధ్యానం అంటారు, వయసు మీద పడిందంటారు.

ఇది నెమ్మదిగా నడిచే రకం. రెండో రకం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. కొందరి కళ్ళలో నీరు పోయే దారి పుట్టుకతోనే ఇరుకు. వయసుతో పాటు కంటి కటకం లావెక్కి, ఆ దారిని మరీ ఇరుకు చేస్తుంది. మసక వెలుతురులో కంటిపాప విప్పారినప్పుడు దారి పూర్తిగా మూసుకుపోవచ్చు. అప్పుడు కంటిలో భరించరాని పోటు, సగం తలనొప్పి, వాంతులు, కన్ను ఎర్రబడటం, దీపం చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల వలయాలు, చూపు మసకబారడం ఒకేసారి వస్తాయి. ఇది మగవారికంటే ఆడవారికి ఎక్కువ. యాభై దాటిన స్త్రీ రాత్రి తలనొప్పి, వాంతులు అంటే పైత్యమనో, పార్శ్వపు నొప్పి అనో బిళ్ళ వేసి పడుకోబెడతారు. తెల్లవారేసరికి ఆలస్యమైపోవచ్చు. గంటల్లో వైద్యం అందకపోతే కన్ను దక్కని జబ్బు ఇది. తలనొప్పి, వాంతులతో పాటు కన్ను ఎర్రబడి చూపు మసకబారితే, అది కడుపు వైద్యుని పని కాదని, కంటి ఆసుపత్రికి వెంటనే వెళ్ళవలసిన అవసరమని ప్రతి ఇంటికీ తెలియాలి.

శుక్లం పండాలన్న భ్రమ

పల్లెల్లో కంటిజబ్బు అంటే శుక్లమే. చూపు మందగించిన పెద్దవారిని ‘శుక్లం ఇంకా పండలేదు, పండాక కోయించుకుందాం’ అని ఇంట్లో కూర్చోబెట్టడం నేటికీ కనిపిస్తుంది. శుక్లం పండేదాకా ఆగడం పాతకాలపు పద్ధతి. ఈనాటి ఆపరేషన్‌కు ఆ అవసరం లేదు. పైగా బాగా ముదిరిన శుక్లమే కంటి ఒత్తిడిని పెంచి నరాన్ని చంపగలదు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. తగ్గిన చూపుకు అసలు కారణం నీటికాసులై ఉండి, శుక్లమని తలచి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవారు ఉన్నారు. శుక్లం వల్ల తగ్గిన చూపు ఆపరేషన్‌తో తిరిగి వస్తుంది. నీటికాసుల వల్ల పోయిన చూపు రాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల, తీరా ఆపరేషన్ చేయించాక చూపు రాకపోతే నింద డాక్టరు మీద పడుతుంది, జబ్బు మాత్రం అజ్ఞాతంగానే ఉండిపోతుంది. ఆపరేషన్‌కు ముందే నరం పరిస్థితి చూసి, ఎంత చూపు రాగలదో రోగికి, బంధువులకు చెప్పవలసిన బాధ్యత వైద్యులది.

పాలమూరు చెప్పిన పాఠం

ఈ విషయాలు కొత్తగా బయటపడినవి కావు. 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నిర్వహించిన ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనంలో హైదరాబాద్ నగరంతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు ఉన్నాయి. పసిపిల్లల నుంచి వృద్ధుల వరకు 10,293 మందిని పరీక్షించారు. అక్షరాలు చదివించి వదలక, కంటిపాపను మందుతో విప్పార్చి నరాన్ని చూశారు, ఒత్తిడి కొలిచారు, అవసరమైన వారికి పక్క చూపును కూడా పరీక్షించారు.

నాటి అధ్యయనంలో అంధత్వానికి నూటికి అరవై పాళ్ళు శుక్లాలు, కళ్ళజోడు లేకపోవడమే కారణమని తేలింది. అంటే కళ్ళజోళ్ళు ఇచ్చి, శుక్లాలు తీయించే పథకాలు సరైన చోటనే మొదలయ్యాయి. అయితే ఇక్కడా, తమిళనాడులోనూ జరిగిన పరిశీలనల్లో తేలిన మరో సంగతి పైకి రాలేదు. నీటికాసులు ఉన్నట్లు పరీక్షలో బయటపడిన వారిలో పదిమందికి తొమ్మిది మంది తమకు ఆ జబ్బు ఉన్నదని అంతకుముందు ఎరుగరు. వారిలో కొందరు అంతకుముందు కంటి వైద్యుని వద్దకు వెళ్ళి వచ్చినవారే. కళ్ళజోడు కోసం వెళ్ళారు, కళ్ళజోడుతో తిరిగి వచ్చారు. నరం సంగతి ఎవరూ చూడలేదు.

దేశంలో నలభై దాటిన వారిలో నీటికాసుల రోగులు ఒక కోటి 12 లక్షల మంది ఉంటారని 2010లో నిపుణులు అంచనా వేశారు. 2015 నుంచి 2019 వరకు జరిగిన జాతీయ అంధత్వ సర్వేలో యాభై దాటిన వారి అంధత్వానికి శుక్లాలు నూటికి 66 పాళ్ళు, నీటికాసులు అయిదున్నర పాళ్ళు కారణమని వచ్చింది. ఈ అంకెలు చూసి నీటికాసులు చిన్న సమస్య అనుకోవడం తొందరపాటు. అటువంటి సర్వేలలో ప్రధాన కొలత పటం మీది అక్షరాలే. గొట్టంలోంచి చూసినట్లు నడిమి చూపు మాత్రమే మిగిలిన మనిషి కూడా ఆ లెక్కలో చూపున్నవాడుగానే జమ అవుతాడు. పైగా శుక్లాల లెక్కలో ఉన్నవారికి చూపు తెప్పించవచ్చు. నీటికాసుల లెక్కలోకి ఎక్కినవారు ఆ లెక్కలోంచి దిగే దారి లేదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాత్రం పక్క చూపును గుర్తించింది. చూపు విస్తీర్ణం 10 డిగ్రీల కన్న తగ్గితే అంధత్వమనీ, 40 డిగ్రీల కన్న తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే మందదృష్టి అనీ నిర్వచించింది. అక్షరాలు చదవగలిగినా ఈ కొలతకు దిగినవారికి ధ్రువపత్రం పొందే హక్కు ఉన్నది. పోయిన తరువాత లెక్కించడానికి చట్టం ఉన్న కొలతను, పోకముందు కాపాడటానికి శిబిరం వాడుకోకపోవడం విచిత్రం.

ఎవరు జాగ్రత్త పడాలి?

నలభై దాటిన ప్రతివారూ కనీసం రెండేళ్ళకు ఒకసారి నరం పరీక్షతో కూడిన కంటి పరీక్ష చేయించుకోవాలి. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ వ్యాధి ఉన్నవారు ఏటా చేయించుకోవడం మంచిది. రక్త సంబంధీకులలో ఇది వచ్చే అవకాశం మిగతావారికంటే ఎన్నో రెట్లు హెచ్చు. ఇంట్లో ఒకరికి నీటికాసులని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పెద్ద పిల్లలు అందరూ పరీక్షకు వెళ్ళవలసిందే. షుగరు ఉన్నవారు, దూరపు చూపుకు ఎక్కువ పవరు అద్దాలు వాడేవారు, కంటికి కర్రపుల్లో రాయో తగిలి దెబ్బ తిన్నవారు కూడా ఈ జాబితాలోని వారే.

పసిపిల్లలకు ఇది రాదనుకోవడం పొరపాటు. పుట్టుకతో వచ్చే నీటికాసులు ఆంధ్రప్రదేశ్‌లో 3,300 కాన్పులకు ఒకటి చొప్పున ఉన్నట్లు పరిశోధకులు 1998లో ప్రకటించారు. పాశ్చాత్య దేశాలకంటే ఇది బాగా ఎక్కువ. మేనరికాలు, దగ్గరి సంబంధాలు దీనికి ఒక ముఖ్య కారణం. ఒత్తిడికి పసివాని మెత్తని కన్ను సాగి పెద్దదవుతుంది. ‘మా బిడ్డవి ఎంత పెద్ద కళ్ళో’ అని మురిసిపోయి, దిష్టి తగలకుండా చుక్క పెడతారు. పెద్ద కళ్ళతో పాటు కంట నీరు కారడం, వెలుతురుకు కళ్ళు తెరవలేకపోవడం, నల్లగుడ్డు మీద నీలి మసక ఉంటే అది అందం కాదు, జబ్బు. ఆలస్యం లేకుండా ఆపరేషన్ చేయిస్తే ఆ బిడ్డకు చూపు దక్కే అవకాశం ఉన్నది.

దుకాణంలో దొరికే చుక్కలు

ఈ వ్యాధిలో కొంత భాగం మనుషులు చేతులారా తెచ్చుకునేది. ఎండాకాలం పిల్లలకు కళ్ళు దురద పెట్టి ఎర్రబడటం మామూలు. మందుల దుకాణంలో అడిగితే చుక్కల సీసా ఇస్తారు. అందులో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజుల్లో దురద మాయమవుతుంది. తగ్గింది కదా అని మళ్ళీ వచ్చినప్పుడల్లా అదే సీసా కొంటారు. నెలలు, ఏళ్ళు గడుస్తాయి. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో కంటి ఒత్తిడిని పైకి లేపుతాయి. కుర్రవాడు పదో తరగతికి వచ్చేసరికి ఒక కన్ను పోయి ఉండవచ్చు. ఉబ్బసానికి, కీళ్ళనొప్పులకు, చర్మవ్యాధులకు దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడేవారికీ ఈ ముప్పు ఉన్నది.

ఈ చుక్కలు డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన ఉన్నది. పాత సీసా చూపిస్తే కొత్త సీసా ఇచ్చే అలవాటు దుకాణాలలో ఉన్నంతకాలం ఈ నిబంధన కాగితం మీదనే ఉంటుంది. ఔషధ తనిఖీ అధికారులు నకిలీ మందుల మీద పెట్టే శ్రద్ధలో కొంతైనా దీని మీద పెట్టవలసి ఉన్నది. కళ్ళలో ఆకుపసర్లు, తేనె, చనుబాలు పోయడం వల్ల నీటికాసులు తగ్గవు. కన్ను పుండ్లు పడి ఉన్న చూపు కూడా పోవచ్చు.

నొప్పి లేదు, మందు మానేశారు

వ్యాధి బయటపడినవారి కథ కూడా అక్కడితో సుఖాంతం కాదు. వైద్యం ఉన్నది, అది పనిచేస్తుంది. ఒత్తిడి ఒక్క మిల్లీమీటరు తగ్గినా జబ్బు ముదిరే ప్రమాదం సుమారు పదోవంతు తగ్గుతుందని స్వీడన్‌లో జరిగిన పరిశీలన తేల్చింది. చుక్కల మందులతో చాలామందికి ఒత్తిడి అదుపులోకి వస్తుంది. లేజరు కిరణాలతో నీరు పోయే దారిని సులువు చేసే పద్ధతి కూడా ఉన్నది. బ్రిటన్‌లో 2019లో వెలువడిన ఒక పరిశీలనలో, మొదటే లేజరు చికిత్స పొందిన రోగులలో నూటికి 74 మందికి మూడేళ్ళ నాటికి చుక్కల అవసరం లేకుండానే ఒత్తిడి అదుపులో ఉన్నది. దారి ఇరుకుగా ఉన్నవారికి లేజరుతో చిన్న రంధ్రం చేసి, ముంచుకు వచ్చే ప్రమాదాన్ని ముందే తప్పించవచ్చు. ఇవేవీ చాలకపోతే నీటికి కొత్త దారి ఏర్పరచే ఆపరేషన్ చేస్తారు. ఈ ఆపరేషన్ల చరిత్రలో దక్షిణాదికి చోటున్నది. 1909లో మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో డాక్టర్ ఇలియట్ రూపొందించిన పద్ధతిని చాలాకాలం ఇతర దేశాలలోనూ అనుసరించారు.

చిక్కల్లా మందు వాడకంలోనే ఉన్నది. చుక్కలు వేసుకుంటే చూపు పెరగదు. మానేస్తే ఆ రోజే తగ్గదు. నొప్పి లేదు, లాభం కనిపించదు, సీసాకు డబ్బు మాత్రం ప్రతి నెలా కావాలి. రోజుకూలి మీద బతికే మనిషి రెండు నెలలు వాడి మానేయడంలో ఆశ్చర్యం లేదు. పనికోసం పూణే, ముంబయి, హైదరాబాద్ వలసపోయే పాలమూరు కూలీకి మరో ఇబ్బంది. మందు రాసిన డాక్టరు ఇక్కడ, మనిషి అక్కడ. సీసా అయిపోతే కొత్తచోట ఎవరిని అడగాలో తెలియదు. ఆరునెలల తరువాత తిరిగి వచ్చేసరికి చూపు మరికొంత తరిగి ఉంటుంది.

మందు వాడేవారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. ఒక్క చుక్క చాలు. చుక్క పడ్డాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి పట్టుకోవాలి. అప్పుడు మందు గొంతులోకి జారిపోక కంటిలోనే నిలుస్తుంది. రెండు రకాల మందులు ఉంటే మధ్య అయిదు నిమిషాల వ్యవధి ఇవ్వాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే మందు రాసే ముందే డాక్టరుకు చెప్పాలి. విరివిగా వాడే టిమోలాల్ వంటి చుక్కలు ఉబ్బసం రోగికి ఊపిరాడకుండా చేయగలవు. కొన్ని రకాల సీసాలను మూత తీసేవరకు చల్లని చోట ఉంచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో ఏమి చేయాలో సీసా ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. మందు పడక కన్ను ఎర్రబడితే తమంతట తాము మానేయక డాక్టరుకు చెప్పాలి, మరో మందు మార్చి ఇస్తారు.

అందరికీ పరీక్ష సాధ్యమా?

ఊరూరా అందరికీ నీటికాసుల పరీక్ష పెడితే సరిపోతుంది కదా అని కొందరు అడగవచ్చు. ఇందులో ఒక లెక్క ఉన్నది. నలభై దాటిన వెయ్యిమందిలో ముప్పై మందికి ఈ జబ్బు ఉన్నదని అనుకుందాం. పరీక్ష నూటికి అయిదుసార్లు మాత్రమే పొరబడుతుందని అనుకుందాం. అప్పుడు ఆ ముప్పై మందితో పాటు, జబ్బులేని 970 మందిలో సుమారు 48 మందిని కూడా జబ్బున్నదని భయపెట్టి పట్టణానికి పంపవలసి వస్తుంది. కూలి పోగొట్టుకొని, చార్జీలు పెట్టుకొని వెళ్ళినవారిలో ఎక్కువమంది ‘ఏమీ లేదు’ అనిపించుకొని తిరిగి వస్తారు. రెండోసారి పిలిస్తే ఎవరూ రారు. అందరినీ గుడ్డిగా వడకట్టడం కంటే, ఏదో ఒక పని మీద కంటి వైద్యుని ముందుకు వచ్చినవారిని క్షుణ్ణంగా చూడటం మేలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

ఈ వాదనలో నిజం ఉన్నది. అయితే ఏమీ చేయకపోవడానికి ఇది సాకు కారాదు. కళ్ళజోడు కోసమో, శుక్లం కోసమో కుర్చీలో కూర్చున్న మనిషి ఎలాగూ ఎదురుగానే ఉన్నాడు. అతని కోసం ఊరంతా వెతకనక్కరలేదు. కంటి వెనుక నరాన్ని ఫొటో తీసే చిన్న కెమెరాలు వచ్చాయి. పల్లె దగ్గరి దృష్టి కేంద్రంలో తీసిన ఫొటోను నగరంలోని నిపుణుడు చూసి చెప్పే పద్ధతి తెలుగు రాష్ట్రాలలో ఇప్పటికే అమలులో ఉన్నది. ప్రభుత్వ శిబిరం దీనిని తన పద్ధతిగా చేసుకోవడమే తరువాయి.

చేయవలసిన పనులు

మొదటిది, నలభై దాటి శిబిరానికి గాని, ఆసుపత్రికి గాని కంటి పరీక్షకు వచ్చిన ప్రతివారికీ నరం ఫొటో, ఒత్తిడి కొలత తప్పనిసరి కావాలి. ‘చూపు బాగుంది’ అన్న మాటకు పక్కన ‘నరం బాగుంది’ అన్న మాట కూడా రాయనిదే కార్డు పూర్తి అయినట్లు కాదు.

రెండోది, వ్యాధి తేలిన ప్రతి రోగి తోబుట్టువుల పేర్లు రాసుకొని, ఆశా కార్యకర్త ద్వారా వారిని పరీక్షకు రప్పించాలి. వెయ్యిమందిలో వెతికేకంటే ఈ ఇళ్ళలో వెతికితే రోగులు ఎక్కువగా దొరుకుతారు, ఖర్చు తక్కువ.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, చుక్కల మందు. బీపీకి, షుగరుకు నెలనెలా బిళ్ళలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా అందించే ఏర్పాటు ఉన్నది. నీటికాసులు కూడా బీపీ వంటిదే. లక్షణాలు లేకుండా నడుస్తుంది, జీవితాంతం మందు కావాలి, మానేస్తే పెనుముప్పు. అదే రిజిస్టరులో మరొక గడి గీసి, అదే రోజున సీసా కూడా ఇస్తే సగం సమస్య తీరుతుంది. వలస వెళ్ళేవారికి రెండు మూడు నెలల మందు ఒకేసారి ఇచ్చి, వ్యాధి వివరాలు, వాడే మందు పేరు ఉన్న చీటీ చేతికి ఇవ్వాలి.

నాలుగోది, పక్క చూపును కొలిచే యంత్రం, దానిని నడిపే మనిషి ప్రతి జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఉండి తీరాలి. 2016లోనూ 2019లోనూ పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలు ఏర్పరచారు. కలెక్టరు కార్యాలయం దగ్గరైనట్లే కంటి పరీక్షా దగ్గర కావాలి. ప్రతి ఆరు నెలలకు ఒకసారి తిరిగి చూపించుకోవలసిన జబ్బుకు, ప్రతిసారీ హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పొమ్మంటే మొదటిసారి వెళ్ళినవారు రెండోసారి వెళ్ళరు.

జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం 1976లో మొదలైంది. దాని కృషి ఫలితంగా శుక్లం ఆపరేషన్ అంటే పల్లెల్లో భయం పోయింది. ఆ విజయం వల్లనే బాధ్యత పెరిగింది. శుక్లం చీకటి తాత్కాలికం, ఆలస్యంగా వచ్చిన రోగికీ చూపు తెప్పించవచ్చు. నీటికాసుల చీకటి శాశ్వతం, ఆలస్యానికి క్షమాపణ లేదు. ఒకే శిబిరం ఈ రెండింటినీ ఒకే పటంతో కొలుస్తున్నది.

ఈ లోపల పౌరులు తమంతట తాము చేయగలిగినది ఒకటి ఉన్నది. ఈసారి కళ్ళజోడు మార్పించుకోవడానికి వెళ్ళినప్పుడు, అద్దాల నంబరు రాయించుకొని లేచి రాకుండా ‘కంటి నరం ఎలా ఉంది, ఒత్తిడి ఎంత ఉంది’ అని అడగాలి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనాలి. కళ్ళజోళ్ళ దుకాణంలో దీనికి జవాబు దొరకదు కాబట్టి కంటి వైద్యుని వద్దకే వెళ్ళాలి. ఇంట్లో పెద్దవారు పదే పదే గుమ్మానికి తగులుతుంటే పరధ్యానమని కసురుకోకుండా, మరునాడే ఆసుపత్రికి తీసుకుపోవాలి.